పాఠకుల ప్రశ్నలు: పెంపకంలో "మీ ఇల్లు, మా ఇల్లు" గొడవ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో డబ్బు అన్న మాట తక్కువ, కానీ చాలావాటి అడుగున ఉన్నది అదే. మనం ఎలాంటి ఇంట్లో పుట్టాం, ఇప్పుడు ఎలాంటి ఇంట్లో ఉన్నాం, మన పిల్లలు ఎలాంటి ఇంటివాళ్లు అనిపించుకోవాలి. అయిదు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్, మా నాన్న లారీ డ్రైవర్, అమ్మ కుట్టుపని చేసేది. మా వైపు మొదటి గ్రాడ్యుయేట్‌ని నేనే. మావారిది తరాలుగా చదువుకున్న కుటుంబం, మామయ్యగారు డాక్టరు. ఇద్దరం ఒకే కాలేజీ, ఒకే రకం ఉద్యోగం, జీతాలు కూడా దాదాపు ఒకటే. పెళ్లయిన కొత్తలో మా మధ్య తేడా ఉందనే అనిపించలేదు, పాప పుట్టాక మొదలైంది. పాపకిప్పుడు ఎనిమిదేళ్లు. ఒకరోజు డాన్సు, ఒకరోజు చెస్, ఒకరోజు ఈత, సెలవుల్లో ఇంకోటి. "దాన్ని కాసేపు వదిలేయండి, ఆడుకుంటుంది" అంటే ఆయన "నీకు దాని భవిష్యత్తు మీద సీరియస్‌నెస్ లేదు" అంటారు. పాప మొండికేస్తే నేను "చెప్పింది చెయ్" అంటాను. ఆయన కూర్చోబెట్టి కారణాలన్నీ వివరిస్తారు, చివరికి అది బేరమాడి గెలుస్తుంది. మొన్న మా నాన్న వచ్చినప్పుడు అందరి ముందూ "తాతయ్యా, నువ్వెందుకంత గట్టిగా మాట్లాడతావ్?" అంది. నాన్న నవ్వేశారు గానీ ఆ తర్వాత మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ గొంతు తగ్గించే మాట్లాడారు, ఫోన్‌లో కూడా. అది చూసి నా కడుపు రగిలిపోయింది. అత్తగారేమో "పిల్ల ఉన్నమాటే కదా అంది" అన్నారు. తప్పు నా పెంపకానిదా, మావారిదా?
(ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, తప్పెవరిదో తేల్చే పని నాకు పెట్టకండి. మీ ఉత్తరంలో నాకు తప్పు చేసినవాళ్లు కనపడలేదు, రెండు ఇళ్లు కనపడ్డాయి.

మీ "చెప్పింది చెయ్" ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. మెల్విన్ కోన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1950ల నుంచి తల్లిదండ్రులను అడుగుతూ వచ్చాడు, మీ పిల్లల్లో ఏ గుణం ఉండాలని కోరుకుంటారని. చేతిపని, ఫ్యాక్టరీ పని చేసే ఇళ్లలో చెప్పిన మాట వినడం, పద్ధతిగా ఉండటం ఎక్కువ వినిపించాయి. ఆఫీసు ఉద్యోగాల ఇళ్లలో సొంతంగా ఆలోచించడం, కుతూహలం వినిపించాయి. ఇంతవరకే అయితే "వాళ్లంతే" అని కొట్టిపారేయొచ్చు. కోన్ అక్కడ ఆగలేదు. 1969లో అచ్చయిన తన పుస్తకంలో ఈ తేడాని తల్లిదండ్రుల ఉద్యోగంతోనే ముడిపెట్టాడు: పనిచేసేచోట నెత్తిమీద ఎంత నిఘా ఉంది, పని ఎంత ఒకే మూసలో సాగుతుంది, సొంత నిర్ణయానికి ఎంత చోటుంది. లోడు ఎక్కడ దించాలో, ఎన్నింటికల్లా చేరాలో మీ నాన్నగారికి ఎప్పుడూ ఇంకొకరే చెప్పారు. ఎదురు మాట్లాడితే మర్నాటి నుంచి పని ఉండదు. మీ మామయ్యగారి కన్సల్టింగ్ గదిలో మాత్రం ఆఖరి మాట ఆయనదే. ఇద్దరూ తమకు బతుకునిచ్చిన విద్యే పిల్లలకి నేర్పారు. మీరిద్దరూ ఇప్పుడు ఒకే ఉద్యోగంలో ఉన్నా, చేతిలో ఉన్నవి మాత్రం పాత ఇళ్ల పాఠాలే.

ఇక డాన్సు, చెస్, ఈత సంగతి. అనెట్ లారో అనే పరిశోధకురాలు తొమ్మిది పదేళ్ల పిల్లలున్న ఇళ్లకు వెళ్లి, కొన్ని కుటుంబాలతో రోజుల తరబడి గడిపి రాసిన పుస్తకం 2003లో వచ్చింది. మధ్యతరగతి ఇళ్లలో ఆమెకి కనపడింది అచ్చం మీ ఇంటి టైమ్‌టేబులే: పిల్లల ప్రతి ఖాళీ గంటా ఏదో ఒక క్లాసుతో నింపడం, ప్రతిదాన్నీ చర్చించడం, పెద్దవాళ్లను ప్రశ్నించమని ప్రోత్సహించడం. అందులో ఒక తల్లి కొడుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ, కారులోనే, డాక్టర్ని ఏమేం అడగాలో ఆలోచించుకోమని చెబుతుంది. శ్రామిక కుటుంబాల్లో పెద్దలు ఆజ్ఞలిస్తారు, పిల్లలు వింటారు, ఆ తర్వాత వాళ్ల ఆట వాళ్లది. ఇక్కడ మీవారు చదవాల్సిన సంగతి ఒకటుంది. ఈ రెండో రకం పిల్లల్లో ఆమెకి నసుగుడు తక్కువ కనపడింది, "బోర్ కొడుతోంది" అన్న మాట తక్కువ వినపడింది, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బంధువుల పిల్లలతో దగ్గరితనం ఎక్కువ కనపడింది. క్లాసుల పిల్లలు అలిసిపోయి ఉన్నారు, తోడబుట్టినవాళ్లతో గొడవలూ ఎక్కువే. అయితే మీరు చదవాల్సిందీ ఉంది. స్కూలు, ఆసుపత్రి, ఆఫీసు, వీటన్నిటినీ నడిపేది మొదటి రకం మనుషులే కాబట్టి, అడిగే పిల్లలకి అక్కడ పని జరుగుతుంది, మౌనంగా నిలబడే పిల్లలకి జరగదు. మొదటి రకం పెంపకం గొప్పదని దీని అర్థం కాదు. ఆ తలుపుల వెనక కూర్చున్నవాళ్లకి ఆ భాషే అలవాటు, అంతే.

మీలాంటి దంపతుల మీదే పరిశోధన చేసిన మనిషి కూడా ఉంది. జెస్సీ స్ట్రైబ్ అనే ఆవిడ, ఒకరు కార్మిక కుటుంబం నుంచి, ఒకరు ఆఫీసు ఉద్యోగాల కుటుంబం నుంచి వచ్చి, ఇద్దరూ డిగ్రీలు చదివిన అమెరికన్ దంపతులతో మాట్లాడి 2015లో పుస్తకం రాసింది. ఏళ్ల తరబడి కలిసి బతికినా పుట్టింటి అలవాట్లు పోలేదు. ఆఫీసు ఉద్యోగాల ఇంటి నుంచి వచ్చినవాళ్లకి డబ్బు, సమయం, పిల్లలు, అన్నిటినీ ప్లాన్ చేయాలని ఉంటుంది. కార్మికుల ఇంటి నుంచి వచ్చినవాళ్లకి "జరిగేది జరుగుతుందిలే, కంగారెందుకు" అని ఉంటుంది. తమాషా ఏమిటంటే ఆ దంపతుల్లో చాలామందికి ఇది తరగతి తేడా అనే తోచలేదు, "మా ఆయన స్వభావమే అంత" అనుకున్నారు. "నీకు సీరియస్‌నెస్ లేదు" అన్న మీవారి మాట సరిగ్గా అదే. మీ పుట్టింటి అలవాటుని మీ గుణంలో లోపంగా చూస్తున్నారాయన. మీరూ ఆయన వివరణల్ని మెతకతనం అనుకుంటున్నారేమో, ఒకసారి చూసుకోండి.

చేయాల్సింది చెబుతాను. క్లాసుల్లో పాప తనంతట తాను అడిగి చేరినవి ఉంచండి, మిగతావి ఆపేయండి. ఏది ఆపాలో పాపనే అడగండి, బేరమాడటం వచ్చు కదా, ఇక్కడ పనికొస్తుంది. రోడ్డు, నిప్పు, నిద్ర వేళ, పెద్దవాళ్లని నొప్పించడం, వీటి దగ్గర మీ "చెప్పింది చెయ్" నడవాలి, మీవారు మధ్యలో వివరణలకి దిగకూడదు. మిగతా విషయాల్లో ఆయన పద్ధతి నడవనివ్వండి, కానీ వివరణ ఒక్కసారే, రెండోసారి బేరం లేదు.

మీ నాన్నగారి సంగతి మాత్రం వేరే. ఆ మాట మీవారు మాట్లాడాలి, మీరు కాదు. మీరు అంటే పుట్టింటిని వెనకేసుకొచ్చినట్టు ఉంటుంది, అత్తగారి ముందు అది ఇంకో గొడవ అవుతుంది. ఆయన పాపని పక్కన కూర్చోబెట్టుకుని, తనకి చేతనైన పద్ధతిలోనే, కారణం వివరించాలి: తాతయ్య జీవితమంతా ఇంజన్ మోత మధ్య కూర్చున్నాడు, అక్కడ మెల్లగా మాట్లాడితే పక్కనున్న క్లీనర్‌కి కూడా వినపడదు, ఆ గొంతే అమ్మని చదివించింది. తర్వాత మీ నాన్నగారు వచ్చినప్పుడు ఆయన్ని మామూలుగా, గట్టిగానే, అప్పటి ప్రయాణాల గురించి అడగమనండి మీవారిని. పాప చూస్తుంది. అత్తగారికి విడిగా జవాబు చెప్పక్కర్లేదు, కొడుకు అలా కూర్చోవడమే ఆవిడకి చాలు.

ప్రశ్న: నేను ఎలక్ట్రీషియన్‌ని. మా అమ్మాయి చదివే స్కూల్లో దాదాపు అందరూ మాకంటే బాగా ఉన్నవాళ్లు. తొమ్మిదో తరగతికి వచ్చినప్పటి నుంచి "నాన్నా, గేటు దాకా రావద్దు, మలుపు దగ్గర ఆగు" అంటోంది. స్నేహితుల్ని ఇంటికి పిలవదు. వాళ్ల మధ్య చేర్చి తప్పు చేశానా? మార్పించేయమంటారా?
(పేరు వద్దన్న తండ్రి)

జవాబు: అన్నా, స్కూలు మార్చకండి. ఒక్క ప్రశ్న మాత్రం మిమ్మల్ని మీరు అడుక్కోండి: చిన్నప్పటి నుంచి ఆ పిల్లతో "బాగా చదువు, లేకపోతే నాలా అవుతావ్" అని ఎన్నిసార్లు అని ఉంటారు? రిచర్డ్ సెనెట్, జొనాథన్ కాబ్ అనే ఇద్దరు బోస్టన్ కార్మికులతో మాట్లాడి 1972లో అచ్చువేసిన పుస్తకంలో నిండా ఇలాంటి తండ్రులే. నా పిల్లలు నాలా కాకూడదని ఓవర్‌టైమ్ చేస్తారు, పిల్లలు నిజంగానే తమలా కాకుండా పోతుంటే లోపల కోసుకుపోతుంది. కృతజ్ఞత లేదనుకుంటారు. పిల్లలు చేసింది మాత్రం నాన్న చెప్పిన మాట వినడమే.

కాబట్టి ఆ వాక్యం ఇవాళ్టి నుంచి ఆపేయండి. మీ పని గురించి ఇంట్లో పనిగా మాట్లాడండి. ఎవరికీ దొరకని షార్ట్ సర్క్యూట్ మీరెలా పట్టుకున్నారో, ఏ వైరు ఎందుకు వేడెక్కిందో చెప్పండి. స్కూల్లో విద్యుత్తు పాఠాలు చదివే పిల్లకి ఆ లెక్కలు చేతులతో చేసే మనిషి ఇంట్లోనే ఉన్నాడు. గేటు విషయంలో పంతానికి పోకండి, మలుపు దగ్గరే ఆగండి. ఆ వయసులో డబ్బున్న ఇళ్ల పిల్లలు కూడా అమ్మానాన్నల్ని దూరంగా నిలబెడతారు, అంతా మీ యూనిఫామ్ వల్లే అనుకోవద్దు. పేరెంట్స్ మీటింగ్‌కి మాత్రం తప్పకుండా వెళ్లండి, వెళ్లి వెనక బెంచీలో కూర్చుని తలూపి రావద్దు. అడగాల్సినవి ముందే కాగితం మీద రాసుకుని, టీచర్ ఎదురుగా కూర్చుని, జవాబు వచ్చేదాకా లేవకండి. చాలామంది తండ్రులు "టీచరమ్మకి తెలియదా" అని గౌరవంతో ఊరుకుంటారు, ఆ గౌరవాన్ని కొన్ని స్కూళ్లు శ్రద్ధ లేకపోవడం కింద లెక్కేసుకుంటాయి. ఇది అన్యాయమే, కానీ మనం మాట్లాడితే తప్ప వాళ్లకి తెలియదు.

ప్రశ్న: పేద కుటుంబాల్లో పిల్లలతో తక్కువ మాట్లాడతారనీ, నాలుగేళ్లు వచ్చేసరికి వాళ్లు 3 కోట్ల మాటలు తక్కువ వింటారనీ ఎక్కడో చదివాను. మా పనమ్మాయి పిల్లాడు తెగ వాగుతాడు, నాకు నమ్మబుద్ధి కావట్లేదు. నిజమేనా?
(ఒక పాఠకుడు)

జవాబు: మీ అనుమానం సబబే. ఆ అంకె బెటీ హార్ట్, టాడ్ రిస్లీ అనే అమెరికన్ పరిశోధకుల 1995 పుస్తకం నుంచి వచ్చింది. వాళ్లు చూసినవి 42 కుటుంబాలు, అందులో ప్రభుత్వ సాయంతో బతికే పేద కుటుంబాలు కేవలం 6. నెలకో గంట రికార్డు చేసింది లెక్కగట్టి, ఆ ఆరిళ్లకీ పెద్ద ఉద్యోగాల ఇళ్లకీ మధ్య తేడాని పెంచుకుంటూ పోతే 3 కోట్లు తేలింది. పుస్తకం ముట్టుకోనివాళ్ల నోట్లో కూడా ఆ అంకె తిరిగింది. పెన్, పేపర్ పట్టుకుని ఒక కొత్త మనిషి వచ్చి కూర్చుంటే ఏ ఇంట్లో తల్లి నోరు మూసుకుంటుందో మీకు తెలియనిది కాదు. 2019లో డగ్లస్ స్పెరీ బృందం వేరువేరు సముదాయాల్లో మళ్లీ చూస్తే, ఒకే తరగతి ఇళ్ల మధ్యే బోలెడంత తేడా కనపడింది, కొన్నిచోట్ల పేద ఇళ్లలోనే మాటలు ఎక్కువ. తల్లి నేరుగా బిడ్డతో అన్నవే కాకుండా, చుట్టూ ఉన్న పెద్దమ్మలు, అన్నలు, ఇరుగుపొరుగు మాట్లాడుకునేవి కూడా లెక్కేస్తే ఇంకా ఎక్కువ.

2018లో రేచెల్ రోమియో బృందం తేల్చింది నాకు ఎక్కువ పనికొచ్చేదిగా కనపడుతుంది. పిల్లలు విన్న మాటల సంఖ్య కంటే, మనం ఒకటి అంటే వాళ్లు ఒకటి అనడం, ఆ వంతులవారీ కబుర్లే మెదడులోని భాషాభాగాల చురుకుదనంతో ముడిపడి ఉన్నాయి, అదీ ఇంటి ఆదాయంతో సంబంధం లేకుండా. మీ పనమ్మాయి పిల్లాడికి ఆ భాగ్యం ఉన్నట్టే ఉంది. (ఇంకోమాట, ఆ అమ్మాయికి పేరుంటుంది, పిల్లాడికీ ఉంటుంది. మీ పిల్లలు మీ నోటి నుంచి వినేది అదీ.)

ప్రశ్న: మా ఆరేళ్ల బాబు "మనం డబ్బున్నవాళ్లమా?" అని అడిగాడు. నిజానికి మాకు లోటు లేదు. "లేదు నాన్నా, మామూలువాళ్లం" అన్నాను. సరైందేనా?

జవాబు: వాడికి కళ్లున్నాయి కదండీ. క్లాసులో ఎవరి బూట్లు ఎలా ఉన్నాయో వాడికి మీకంటే బాగా తెలుసు. మీరు "మామూలువాళ్లం" అంటే వాడు నేర్చుకునేది మనకున్నదే మామూలు అని, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లలో ఏదో లోపముందని. "అవును, మనకి అవసరానికి మించే ఉంది, చాలామందికి అంత లేదు, అందులో మన కష్టం కొంత, తాతల నుంచి వచ్చింది కొంత" అని చెప్పేయండి. ఆరేళ్లకి ఇది చాలు. అంకెలు అక్కర్లేదు.

ప్రశ్న: వ్యాపారం దెబ్బతింది. ఇల్లు ఖాళీ చేసి చిన్న ఇంటికి మారాలి, బహుశా పిల్లల స్కూలు కూడా. పన్నెండేళ్ల బాబు, ఏడేళ్ల పాప. ఇంకా చెప్పలేదు, "నెలాఖరుకి కొందాం", "సెలవుల్లో వెళ్దాం" అని నెట్టుకొస్తున్నాం. ఇంట్లో మేమిద్దరం ప్రతిదానికీ అరుచుకుంటున్నాం. పిల్లలకి చెప్పాలా, దాచాలా?
(ఒక తల్లి)

జవాబు: చెప్పండి, ఈ వారంలోనే. మీరు దాస్తున్నారని అనుకుంటున్నారు గానీ పిల్లలకి సగం తెలిసిపోయే ఉంటుంది. తెలియనిది కారణం ఒక్కటే, దాన్ని వాళ్లే ఊహించుకుంటారు, ఊహలో అమ్మానాన్న విడిపోతున్నారనే వస్తుంది.

అమెరికాలో 1930ల ఆర్థిక మాంద్యంలో పెరిగిన పిల్లల జీవితాల్ని గ్లెన్ ఎల్డర్ అనే సామాజిక శాస్త్రవేత్త పరిశీలించాడు, 1980ల వ్యవసాయ సంక్షోభం తర్వాత అయోవా రాష్ట్రపు కుటుంబాల్ని ర్యాండ్ కాంగర్‌తో కలిసి మళ్లీ చూశాడు. రెండుచోట్లా దాదాపు ఒకే దారి: డబ్బు పోవడం నేరుగా పిల్లల్ని తాకదు. అది ముందు పెద్దవాళ్ల మనసుని కుంగదీస్తుంది, తర్వాత మొగుడూపెళ్లాల మధ్య గొడవవుతుంది, ఆ తర్వాత చిరాకై పిల్లల మీద పడుతుంది. మీ ఉత్తరంలో మొదటి రెండూ జరిగిపోయాయి. మూడోదాన్ని ఆపడం మీ చేతిలోనే ఉంది.

ఉల్టాగా జరిగిన కథ కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. అమెరికాలోని ఉత్తర కరోలినాలో జేన్ కాస్టెల్లో అనే పరిశోధకురాలి బృందం 1993 నుంచి పిల్లల మానసిక ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చింది, ఆ పిల్లల్లో చెరోకీ ఆదివాసీ పిల్లలు కూడా ఉన్నారు. ఆ పరిశీలన నడుస్తుండగానే చెరోకీల భూమి మీద ఒక క్యాసినో తెరిచారు, లాభంలో వాటా తెగలో ప్రతి ఒక్కరికీ అందింది. నాలుగేళ్లు గడిచేసరికి పేదరికం నుంచి బయటపడిన ఇళ్లలో పిల్లల దుడుకుతనం, మొండి ప్రవర్తన తగ్గి, ఎప్పుడూ పేదరికం ఎరగని పిల్లల స్థాయికి వచ్చేసింది. దిగులు, భయం లాంటివి మాత్రం అంతగా మారలేదు. అదే తల్లిదండ్రులు, అదే పిల్లలు. మధ్యలో మారింది ఏమిటా అని చూస్తే, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటానికి పెద్దవాళ్లకి తీరిక, ఓపిక దొరికాయి. "పెంచడం చేతకాదు" అని ఎవరినైనా అనేముందు నాకు ఈ సంగతి గుర్తొస్తుంది, రేపు మీ అత్తింటివాళ్లో పుట్టింటివాళ్లో మిమ్మల్ని అంటే మీకూ గుర్తుండాలి. మీరు మారిపోలేదు, మీకు ఊపిరాడట్లేదు.

"నెలాఖరుకి కొందాం" అనేది మాత్రం ఇవాళే ఆపేయండి. సెలెస్ట్ కిడ్ అనే పరిశోధకురాలు చేసి 2013లో అచ్చువేసిన చిన్న ప్రయోగం ఒకటుంది, 28 మంది పిల్లలతో. మంచి రంగులు తెస్తానని చెప్పి కొందరికి తెచ్చారు, కొందరికి లేవని చెప్పి ఉత్తచేతులతో వచ్చారు. ఆ తర్వాత ఒక మిఠాయి ముందు పెట్టి, నేను వచ్చేదాకా ఆగితే రెండోది ఇస్తానన్నారు. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషి కోసం 3 నిమిషాలే. లేని ఇళ్ల పిల్లలు దొరికింది దొరికినట్టు ఖర్చుపెడతారు, ఓర్పు లేదు అంటాం చూడండి, ఓర్పు లేక కాదు, రేపటి మీద నమ్మకం లేక. చిన్నదే ఒప్పుకోండి, ఆదివారం సాయంత్రం కలిసి ఆడతాం అన్నా చాలు, దాన్ని మాత్రం తప్పకండి.

చెప్పేటప్పుడు ఇద్దరూ కలిసి కూర్చుని చెప్పండి. బాబుకి కొంచెం వివరంగా: వ్యాపారంలో నష్టమొచ్చింది, ఇల్లు మారుతున్నాం, ఇవి మారతాయి, ఇవి మారవు. అప్పు ఎంతో, ఎవరికివ్వాలో వాడికి అక్కర్లేదు, వాడిని మీ బాధలు వినే మనిషిని చేయొద్దు, పన్నెండేళ్ల మగపిల్లలు ఆ బరువు చాలా తొందరగా ఎత్తుకుంటారు. పాపకి తన మంచం ఎక్కడుంటుంది, బొమ్మలన్నీ వస్తాయా, ఈ రెండూ చెబితే చాలా ప్రశ్నలు తీరిపోతాయి. "ఎవరికీ చెప్పొద్దు" అని మాత్రం అనకండి. స్నేహితులు అడిగితే "చిన్న ఇంటికి మారాం" అని మామూలుగా చెప్పొచ్చని మీరే నేర్పండి. ఇల్లు, స్కూలు రెండూ ఒకేసారి మార్చకుండా ఏమాత్రం వీలున్నా స్కూలుని విద్యాసంవత్సరం చివరిదాకా లాగండి, ఫీజు కట్టడానికి గడువు కావాలని ప్రిన్సిపాల్‌ని మీరే వెళ్లి అడగండి. పిల్లలతో ఉత్తరం పంపకండి.